రోజుకి వంద గ్రాముల ప్రొటీన్ తిన్నా ఒంటికి పట్టలేదు: క్లోమం (పాంక్రియాస్) దెబ్బతిన్న ఒక ఆటోడ్రైవర్ కేసు

రోగి ఖమ్మం జిల్లాకు చెందిన 31 ఏళ్ల ఆటోడ్రైవర్. గుర్తుపట్టే వివరాలు మార్చాం. ఎత్తు 168 సెం.మీ., బరువు 46 కిలోలు, బీఎంఐ 16.3. ఏడాదిన్నరలో 11 కిలోలు తగ్గాడు. మద్యం, పొగ అలవాటు లేదు. పందొమ్మిదో ఏట నుంచి అప్పుడప్పుడు పొట్ట పైభాగంలో నొప్పి వచ్చి వెన్నులోకి పాకేది. రెండేళ్లుగా ఆ నొప్పి బాగా తగ్గింది, దాని బదులు షుగర్ మొదలైంది. ఇప్పుడు పాదాల వాపు, నీరసం, రోజుకి నాలుగు విరేచనాలు. హ్యాండ్‌గ్రిప్ (పిడికిలి పట్టు బలం) 17 కిలోలు. ఆ వయసు మగవాడికి ఇది చాలా తక్కువ.

“రోజూ వంద గ్రాములకి పైనే ప్రొటీన్ తింటున్నానండీ, అయినా ఒంటికి పట్టట్లేదు” అన్నాడు. రెఫరల్ చీటీ మీద అడిగింది కూడా అదే: ప్రొటీన్ ఇంకెంత పెంచాలి? చివరికి మేం ఇచ్చిన ఆహారంలో ప్రొటీన్ 71 గ్రాములే. అంటే మూడో వంతు తగ్గించాం. ఎందుకో అంకెలతో వివరించడానికే ఈ కేసు రాస్తున్నాం.

తిన్నదాని లెక్క

రెండు పనిరోజులు, ఒక ఆదివారం తిన్నదంతా ఇంటి గ్లాసు, గరిటెలతోనే కొలిపించి రాయించాం. రోజుకి సగటున వే (పాల విరుగుడు తేట) ప్రొటీన్ పొడి రెండు స్కూపుల్లో 48 గ్రాములు, నాలుగు గుడ్ల తెల్లసొనలో 14, నాలుగు ఇడ్లీల్లో 8, 200 గ్రాముల బియ్యంలో 16, 60 గ్రాముల కందిపప్పులో 13, వెన్న తీసిన పాల పెరుగు 200 గ్రాముల్లో 6. మొత్తం 105 గ్రాములు, కిలో బరువుకి 2.3 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆరోగ్యవంతుడైన పెద్దవారికి సిఫార్సు చేసింది కిలోకి 0.83 గ్రాములు. దానికి ఇది రెండున్నర రెట్లు పైనే.

శక్తి మాత్రం 1,650 కేలరీలు దాటడం లేదు. జిడ్డు విరేచనాలని ఎవరో చెబితే రెండేళ్లుగా నూనె, నెయ్యి, వేరుశనగ మానేశాడు. రోజంతా కలిపి కొవ్వు 20 గ్రాములు కూడా లేదు.

ఇంకో సంగతి మామూలుగా అడిగితే బయటపడేది కాదు. “గుడ్లు ఎలా తింటావు?” అని విడిగా అడిగాం. తెల్లసొనలు పచ్చివే, పొద్దున్నే వే పొడి నీళ్లలో గిలక్కొట్టుకుని తాగుతున్నాడు. ఇలియోస్టమీ (చిన్నపేగు కొసను పొట్ట బయటికి తెరిచే శస్త్రచికిత్స) ఉన్నవారిలో బెల్జియంలో చేసి 1998లో ప్రచురించిన కొలతల్లో, ఉడికిన గుడ్డు ప్రొటీన్‌లో సుమారు 91 శాతం చిన్నపేగు దాటేలోపు జీర్ణమైంది, పచ్చి గుడ్డులో 51 శాతమే. కారణం తెల్లసొనలోనే ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు దాని ప్రొటీన్లు ముడుచుకుని ఉంటాయి, ఎంజైములకు కోసే చోటు అందదు. పైగా ప్రొటీన్‌ని కోసే క్లోమపు ఎంజైము ట్రిప్సిన్ పనిని అడ్డుకునే ప్రొటీన్లు కూడా అందులో ఉంటాయి. ట్రిప్సినే సరిగా లేని మనిషి రోజూ పరగడుపున ట్రిప్సిన్ నిరోధకం తాగుతున్నాడన్నమాట.

నైట్రోజన్ ఎటు పోతోంది

తిన్న ప్రొటీన్ ఎటు పోతోందో దానిలోని నైట్రోజన్‌తో లెక్కగట్టొచ్చు. కానీ మలంలో నైట్రోజన్ కొలిచే సౌకర్యం చాలా చోట్ల లేదు. 72 గంటల మలం పోగుచేయడం రోగికీ కష్టం, ల్యాబుకీ కష్టం. అందుకని ఇంకో దారి పట్టాం: ఎంత నైట్రోజన్ తింటున్నాడు, మూత్రంలో ఎంత వస్తోంది అని చూడటం. ప్రొటీన్‌ని 6.25తో భాగిస్తే నైట్రోజన్ వస్తుంది. 105 గ్రాముల ప్రొటీన్‌లో 16.8 గ్రాములు. 24 గంటల మూత్రంలో యూరియా నైట్రోజన్ 7.9 గ్రాములు వచ్చింది. క్రియాటినిన్, అమ్మోనియా వంటి ఇతర రూపాలకు వాడుకలో ఉన్న అంచనా 2 గ్రాములు కలిపితే 9.9. మిగిలిన 6.9 గ్రాములకు లెక్క తేలాలి. ఆరోగ్యవంతుడి మలంలో రోజుకి పోయేది ఒకటి నుంచి రెండు గ్రాములు. ఒకటిన్నర తీసేసినా 5.4 గ్రాములు, అంటే 34 గ్రాముల ప్రొటీన్ జాడ లేదు. కండ పెరుగుతుంటే అది ఒంట్లో చేరిందనుకోవచ్చు. ఇతను చిక్కిపోతున్నాడు.

ఈ లెక్క కూడా నష్టాన్ని తక్కువ చేసే చూపిస్తుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌ని చూపే పరీక్ష) 9.4 ఉంది. ఇన్సులిన్ చాలనప్పుడు సొంత కండ కరిగి, ఆ నైట్రోజన్ కూడా యూరియాగా మూత్రంలోకే వస్తుంది. కాబట్టి ఆ 9.9 అంతా తిన్నదాంట్లోంచి వచ్చింది కాదు. పేగు లోపలికి తీసుకున్నది అంతకన్నా తక్కువే.

ఈ పద్ధతిలో తప్పు జరిగేది ఎక్కువగా మూత్రం పట్టడంలోనే. ఉదయం మొదటిసారి పోసింది పారబోయాలి, మర్నాడు ఉదయం మొదటిది కలపాలి. ఆటోడ్రైవర్ పగలంతా బయటే ఉంటాడు కాబట్టి సెలవు రోజు పెట్టుకోమన్నాం. మూత్రం పూర్తిగా పట్టారా లేదా అన్నది, కండ నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చే క్రియాటినిన్ మొత్తం చెబుతుంది. ఇతనిది 690 మి.గ్రా., కిలోకి 15. కండ తగ్గిన మగవాడికి ఇది సరిపోయే అంకె. అది 400 అని వచ్చి ఉంటే ఆ ఫలితాన్ని పక్కన పెట్టేవాళ్లం.

మిగతా పరీక్షలు: సీటీలో క్లోమం ఎండి సన్నబడింది, ప్రధాన నాళం వెడల్పయింది, లోపల పెద్ద రాళ్లు. మలంలో ఎలాస్టేజ్ (క్లోమం స్రవించే ఒక ఎంజైము) గ్రాముకి 28 మైక్రోగ్రాములు. 200 కన్నా తక్కువైతే అనుమానించాలి, 100 కన్నా తక్కువైతే లోపం తీవ్రం. శాంపిల్ నీళ్లలా ఉంటే ఈ పరీక్ష తప్పుగా తక్కువ చూపిస్తుంది, అందుకే కాస్త గట్టిగా ఉన్న రోజునే ఇమ్మన్నాం. రక్తంలో లైపేజ్ (కొవ్వుని అరిగించే క్లోమపు ఎంజైము) మామూలుగానే ఉంది. ఇంతగా ఎండిపోయిన గ్రంథిలో అది పెరగదు, కాబట్టి మామూలుగా ఉందని ఊరట పడకూడదు. రక్తంలోని ప్రధాన ప్రొటీన్ అల్బుమిన్ 2.9, సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ సూచిక) మామూలు, మూత్రంలో ప్రొటీన్ లేదు, సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు) పరీక్ష నెగటివ్. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) 1.6 ఉంటే కాలేయం సంగతేమో అనిపించింది. విటమిన్ కే ఇంజెక్షన్ ఇచ్చాక మర్నాడు 1.1కి దిగింది. కాలేయం బాగానే ఉంది, కొవ్వుతోపాటు విటమిన్ కే పోతోందంతే.

నిర్ధారణ: ట్రాపికల్ కాల్సిఫిక్ పాంక్రియాటైటిస్ (క్లోమంలో రాళ్లు చేరే దీర్ఘకాల జబ్బు), తీవ్రమైన ఎంజైము లోపం, క్లోమం దెబ్బతినడం వల్ల వచ్చిన షుగర్. మద్యంతో సంబంధం లేకుండా, చిన్న వయసులోనే నొప్పి, రాళ్లు, షుగర్ వరుసగా వచ్చే ఈ జబ్బు దక్షిణ భారతంలో మనకు బాగా తెలిసిందే. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన పరిశోధకులు 2002లో ఈ రోగుల్లో స్పింక్1 అనే జన్యువులో మార్పులను గుర్తించారు. క్లోమం లోపల పొరపాటున చురుకైన ట్రిప్సిన్‌ని అక్కడికక్కడే ఆపే ప్రొటీన్‌ని తయారుచేసేది ఆ జన్యువే.

జీర్ణం ఏ మెట్టు దగ్గర ఆగింది

ప్రొటీన్ అరగడం కడుపులో మొదలవుతుంది, కానీ అక్కడ జరిగేది తక్కువ. ఆమ్లం ప్రొటీన్ ముడతలు విప్పుతుంది, పెప్సిన్ పెద్ద గొలుసుల్ని అక్కడక్కడా తెంపుతుంది. మొత్తం పనిలో దాని వంతు 10 నుంచి 20 శాతం. కడుపు పూర్తిగా తీసేసినవారు కూడా ప్రొటీన్‌ని చాలావరకు అరిగించుకోగలరు.

అసలు పని డ్యుయోడినంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో. క్లోమం ట్రిప్సినోజెన్ అనే నిద్రాణ రూపాన్ని పంపుతుంది. పేగు గోడకు అంటుకుని ఉన్న ఎంటరోపెప్టిడేజ్ దాని కొసను తుంచి ట్రిప్సిన్‌గా మారుస్తుంది. ఆ ట్రిప్సిన్ మిగతావాటిని లేపుతుంది: కైమోట్రిప్సిన్, ఎలాస్టేజ్, కార్బాక్సీపెప్టిడేజులు. ఒక్కోటి ఒక్కో చోట కోస్తుంది. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్ పక్కన. కైమోట్రిప్సిన్ ఫెనైలాలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ పక్కన. ఎలాస్టేజ్ అలనిన్, గ్లైసిన్ వంటి చిన్నవాటి పక్కన. కార్బాక్సీపెప్టిడేజులు చివరి నుంచి ఒక్కొక్క అమైనో ఆమ్లాన్నీ ఊడదీస్తాయి. ఇన్ని జరిగాక కూడా విడి అమైనో ఆమ్లాలుగా అయ్యేది మూడో వంతు దగ్గరే. మిగతాదంతా రెండు నుంచి ఆరు అమైనో ఆమ్లాలున్న చిన్న ముక్కలు. వాటిని పేగు గోడ మీది పెప్టిడేజులు ఇంకా కోస్తాయి.

లోపలికి వెళ్లే దారులు రెండు రకాలు. విడి అమైనో ఆమ్లాలకు సోడియంతో కలిసి నడిచే రవాణా ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. రెండు, మూడు అమైనో ఆమ్లాల ముక్కలకు పెప్ట్1 అనే వేరే దారి ఉంది, అది హైడ్రోజన్ అయాన్లతో నడుస్తుంది. ఈ రెండో దారి ఎంత గట్టిదో హార్ట్‌నప్ జబ్బులో తెలుస్తుంది. అక్కడ విడి అమైనో ఆమ్లాల ముఖ్య వాహకం పాడైనా చాలామందికి ప్రొటీన్ లోపం రాదు, ముక్కల రూపంలో సరిపడా లోపలికి వెళ్తుంది.

ఇతని పేగు గోడ బాగుంది, వాహకాలు బాగున్నాయి. వాటికి అందాల్సిన ముక్కలే తయారవడం లేదు. పెప్ట్1 మూడింటి కన్నా పొడవైన ముక్కను తీసుకోలేదు. కోత పూర్తికాని ప్రొటీన్ పెద్దపేగుకి చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, ఇండోల్, స్కాటోల్‌గా మారుస్తుంది. విరేచనం భరించలేని కంపు కొట్టడానికీ, పప్పు తిన్న రోజు పొట్ట ఉబ్బడానికీ ఇదో కారణం. పెద్దపేగు నుంచి అమైనో ఆమ్లాలు చెప్పుకోదగ్గంతగా శరీరానికి అందవు.

ఎంజైము లోపంలో అందరూ కొవ్వునే చూస్తారు, అందులో న్యాయం ఉంది. క్లోమం స్రావం పదో వంతుకి పడిపోయాకే జిడ్డు విరేచనాలు మొదలవుతాయి. లైపేజ్ ఆమ్లానికి త్వరగా పాడవుతుంది, దానికి ప్రత్యామ్నాయమూ అంతగా లేదు. ప్రొటీన్‌కి పెప్సిన్, పేగు గోడ పెప్టిడేజులు కొంత ఆసరా. అందుకని ప్రొటీన్ నష్టం ఆలస్యంగా, చప్పుడు లేకుండా మొదలవుతుంది. ఎలాస్టేజ్ 28 దగ్గరున్న మనిషిలో అది లేదనుకోవడం పొరపాటు.

బీ12 కూడా 160 పికోగ్రాములే ఉంది. రోజూ పెరుగు తీసుకునేవాడికి ఎందుకు తగ్గిందంటే ఇక్కడా ప్రొటీన్ కోత జరగకపోవడమే కారణం. లాలాజలం నుంచి వచ్చే హాప్టోకొరిన్ అనే ప్రొటీన్ బీ12ని పట్టుకుని ఉంటుంది. క్లోమపు ఎంజైములు దాన్ని కోస్తేనే బీ12 విడిపడి, దాన్ని లోపలికి చేర్చే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌ని చేరుతుంది.

ఎంజైము మందు ముందునుంచీ ఉంది

10,000 యూనిట్ల క్లోమపు ఎంజైముల క్యాప్సూల్ పూటకొకటి, భోజనం అయ్యాక. దానితోపాటు ఫంగల్ డయాస్టేజ్, పెప్సిన్ కలిపిన అరుగుదల సిరప్ రెండు చెంచాలు. రెండేళ్లుగా మానకుండా వాడుతున్నాడు. మందు మానని రోగికి మందు పనిచేయకపోతే, “ఎంజైములు కూడా పెట్టి చూశాం” అని అంతా వదిలేస్తారు. అది ఇలాంటివారికి పెద్ద అన్యాయం.

మోతాదు చాలదు. పెద్దవారికి ప్రధాన భోజనానికి 40,000 నుంచి 50,000 లైపేజ్ యూనిట్లు, చిరుతిండికి 20,000 నుంచి 25,000 దగ్గర మొదలుపెట్టాలి. పెట్టె మీద లైపేజ్ అంకే పెద్దగా కనిపిస్తుంది, కానీ ప్రొటీన్‌ని కోసే ప్రొటియేజ్, పిండిని అరిగించే అమైలేజ్ కూడా అందులోనే ఉంటాయి. లైపేజ్ తగ్గితే ప్రొటియేజూ తగ్గినట్టే. వేళ తప్పు. భోజనం అయ్యాక మింగితే అన్నం ముందు, ఎంజైము వెనక వెళ్తాయి. వే పొడికి అసలు ఎంజైమే లేదు, ఎందుకంటే అతని లెక్కలో అది భోజనం కాదు. పాలలోని కేసీన్ కడుపులో గడ్డకట్టి నెమ్మదిగా దిగుతుంది, వే ప్రొటీన్ ద్రవంగానే ఉండి త్వరగా పేగులోకి జారుతుంది. ట్రిప్సిన్ లేని పేగులోంచి 24 గ్రాములు ఒక్కసారి దాటిపోతాయి. ఇక సిరప్ సంగతి: పెప్సిన్ ఆమ్లంలోనే పనిచేస్తుంది, కడుపులో అతనికి దాని కొరత లేదు. డయాస్టేజ్ పిండిపదార్థానికి. రెండూ ట్రిప్సిన్ చోటు నింపవు.

మార్చినవి

25,000 యూనిట్ల క్యాప్సూల్ భోజనానికి రెండు: ఒకటి మొదటి ముద్దతో, రెండోది సగం తిన్నాక. చిరుతిండికి ఒకటి. మూడు భోజనాలు, మూడు చిరుతిళ్లు కలిపి రోజుకి తొమ్మిది, 2,25,000 యూనిట్లు. కిలో బరువుకి రోజుకి 10,000 యూనిట్ల పరిమితి లెక్కన ఇతనికి 4,60,000 దాకా వెళ్లొచ్చు, కాబట్టి ఇంకా వెసులుబాటు ఉంది. క్యాప్సూల్ నమలకూడదు, లోపలి గుళికల్ని నలపకూడదు, వేడి టీలోనో పొగలు కక్కే అన్నంలోనో కలపకూడదు. ఇది పంది క్లోమం నుంచి తీసిన మందని ముందే చెప్పాం. ఆ మాట రోగికి తర్వాతెప్పుడో బయట తెలిస్తే కొందరు మందు మొత్తం ఆపేస్తారు.

కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ 40 మి.గ్రా. ఉదయం టిఫిన్‌కి అరగంట ముందు చేర్చారు. గుళికల పైపూత పీహెచ్ 5.5 దాటితేనే కరుగుతుంది. దెబ్బతిన్న క్లోమం ఆమ్లాన్ని తగ్గించే బైకార్బొనేట్ కూడా తక్కువే ఇస్తుంది, అందువల్ల డ్యుయోడినం ఆమ్లంగానే ఉండి పూత ఆలస్యంగా కరుగుతుంది. అప్పటికి తిండి ముందుకెళ్లిపోతుంది.

షుగర్‌కి మాత్రలు ఆపి ఇన్సులిన్ పెట్టారు. ఇన్సులిన్ లేకుండా లోపలికి చేరిన అమైనో ఆమ్లాలు కండగా మారవు. ఎంజైములు పనిచేయడం మొదలైతే అన్నం కూడా బాగా అరిగి షుగర్ పెరుగుతుంది. క్లోమంలో షుగర్‌ని పెంచే హార్మోన్ గ్లూకగాన్ కూడా తగ్గి ఉంటుంది కాబట్టి ఒక్కసారి పడిపోయే ప్రమాదమూ ఉంది. మొదటి రెండు వారాలు రోజుకి నాలుగుసార్లు గ్లూకోమీటర్ తప్పదన్నాం. ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ముందే చూసి, థయమిన్ (విటమిన్ బీ1) మొదలుపెట్టి, మూడు రోజులకోసారి 200 కేలరీల చొప్పున 2,000 దాకా పెంచాం. బీ12 ఇంజెక్షన్ రూపంలో, విటమిన్ డీ విడిగా.

ఆహారం ఇలా కుదిరింది. పొద్దున 200 మి.లీ. పాలు. టిఫిన్‌కి మూడు ఇడ్లీలు, ఉడికిన గుడ్డు ఒకటి, పచ్చసొనతో సహా. పదకొండింటికి వేయించిన పల్లీలు 30 గ్రాములు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం అన్నం, 30 గ్రాముల పెసరపప్పు, నెయ్యి, కూర, 150 గ్రాముల పెరుగు. సాయంత్రం చిన్న పెసరట్టు. రాత్రి జొన్నరొట్టె లేదా అన్నం, 60 గ్రాముల చికెన్ లేదా చేప, పెరుగు. మొత్తం 71 గ్రాముల ప్రొటీన్, కిలోకి 1.5. నూనె, నెయ్యి తిరిగి తెచ్చి కొవ్వుని మొత్తం కేలరీల్లో 30 శాతానికి చేర్చాం. కేలరీలు చాలకపోతే లోపలికి చేరిన అమైనో ఆమ్లాలనే శరీరం ఇంధనంగా కాల్చేస్తుంది. జిడ్డు విరేచనాలకు ఎంజైము పెంచాలి, నూనె మాన్పించకూడదు.

పప్పు మెత్తగా ఉడకాలని గట్టిగా చెప్పాం. పప్పుధాన్యాల్లోనూ ట్రిప్సిన్ నిరోధకాలుంటాయి. నానబెట్టి కుక్కర్లో బాగా ఉడికిస్తే చాలావరకు పనిచేయకుండా పోతాయి. సాయంత్రం మొలకలు పచ్చివే తింటానంటే వద్దన్నాం. వే పొడి ఆపేశాం. దాని డబ్బు క్యాప్సూళ్లకు సర్దుకోమన్నాం.

పన్నెండు వారాలు

రెండో వారానికి విరేచనాలు రెండుకి తగ్గాయి, నీళ్లు పోస్తే అంటుకోకుండా పోతున్నాయి. బరువు 45.2కి దిగింది. అతను బెదిరిపోయాడు, కానీ అది పాదాల వాపు దిగిన బరువు. ఇదే సమయంలో హ్యాండ్‌గ్రిప్ 19కి పెరిగింది. వాపున్న రోగిలో మొదటి నెల త్రాసు కన్నా హ్యాండ్‌గ్రిప్‌నే ఎక్కువ నమ్మాలి. పరగడుపు షుగర్ 230కి ఎగబాకింది, ఇన్సులిన్ పెంచారు.

నాలుగో వారంలో మళ్లీ పాలిపోయిన, జిడ్డు విరేచనాలు. మోతాదు, వేళ అడిగితే అన్నీ సరిగానే చెప్పాడు. పెట్టె తెమ్మన్నాం. క్యాప్సూళ్లు ఒకదానికొకటి అంటుకున్నాయి, ఒకదాన్ని విప్పితే గుళికలు రాలకుండా ముద్దగా వచ్చాయి. నెలకి సరిపడా పెట్టె ఆటో డాష్‌బోర్డులో పెట్టుకుంటున్నాడు, అదీ మే నెలలో. ఈ మందు 25 డిగ్రీల లోపు ఉండాల్సింది. ఎండలో నిలిపిన బండిలో వేడికి ఎంజైము చచ్చిపోతుంది. కొత్త పెట్టె ఇప్పించి, ఇంట్లో చల్లని చోట పెట్టి, ఆ రోజు బయట వేసుకునేవి మాత్రమే చిన్న డబ్బాలో భోజనం సంచిలో తీసుకెళ్లమన్నాం. వారంలో సర్దుకుంది. మోతాదు పెంచే ముందు పెట్టె చూడాలి. మన ఎండల్లో ఇది ప్రతి వేసవిలోనూ ఎదురయ్యే సమస్యే.

పన్నెండో వారానికి బరువు 49.4, వాపు లేదు, హ్యాండ్‌గ్రిప్ 24, అల్బుమిన్ 3.5, హెచ్‌బీఏ1సీ 7.6. మూత్రం మళ్లీ పట్టించాం. తిన్న నైట్రోజన్ 11.4 గ్రాములు, యూరియా నైట్రోజన్ 6.8, దానికి 2 కలిపితే 8.8. తేడా 2.6. మలానికి ఒకటిన్నర తీసేస్తే 1.1 గ్రాము, అంటే రోజుకి 7 గ్రాముల ప్రొటీన్ ఒంట్లో నిలుస్తోంది. కండలో ప్రొటీన్ ఐదో వంతు కాబట్టి రోజుకి 35 గ్రాముల కండ. 105 గ్రాములు తిన్నప్పుడు కరిగిన కండ 71 గ్రాములకే తిరిగి పెరుగుతోంది.

పొడి మళ్లీ మొదలుపెట్టొచ్చా అని అడిగాడు. తిండితోనే లక్ష్యం చేరుతున్నాడు కాబట్టి అవసరం లేదన్నాం. రంజాన్, ప్రయాణాలు, జ్వరం వంటి రోజుల్లో భోజనం తప్పితే ఒక స్కూపు తాగొచ్చు, దానికీ 25,000 క్యాప్సూల్ ఒకటి తప్పనిసరి. నాళంలోని రాళ్ల సంగతి గ్యాస్ట్రో విభాగం చూస్తోంది. ఆరో నెలలో బీ12, విటమిన్ డీ, ఐఎన్ఆర్, ఎముకల సాంద్రతకు డెక్సా చేయించాలి. మలం ఎలాస్టేజ్ మళ్లీ అక్కర్లేదు. అది గ్రంథి సొంతంగా ఎంత ఎంజైము స్రవిస్తోందో చెప్పే పరీక్ష, మింగిన క్యాప్సూల్ పనిచేస్తోందో లేదో దాంట్లో కనిపించదు.